బాత్రూమ్‌లో జారిపడ్డాను

మార్చి 4, 2007, ఆదివారం

కిరీటి ఇవాళ కూడా మీటింగుకి వెళ్లాడు. ఢిల్లీ పక్కన ఈ ఇందిరాపురంలో మన తెలుగు మగాళ్లు వాళ్లంతట వాళ్లే పెట్టుకున్న గ్రూపు. రామమోహనరావు గారి హాల్లో చాపలేసుకుని కూర్చుని, పెళ్లాలను ఎలా కొట్టారో చెప్పుకోవాలట. ఆవిడే రెచ్చగొట్టింది అనకూడదట. రావుగారూ ఒకప్పుడు కొట్టినవాడేనట. మొదట్లో వింటే నవ్వొచ్చింది. కానీ దీపావళి తర్వాత కిరీటి చెయ్యెత్తలేదు. కోపమొస్తే చెప్పులేసుకుని కిందికి వెళ్లి రావుగారికి ఫోన్ చేస్తాడు. నమ్మబుద్ధవుతోంది. భయంగానూ ఉంది.

మార్చి 9

వచ్చే నెల తెనాలి నుంచి అమ్మ వస్తానంది. ఎప్పుడొచ్చినా రాగానే బాత్రూమ్ మీద పడుతుంది. బ్లీచింగ్ చల్లి నడుం పడిపోయేలా రుద్దుతుంది. పిల్ల మళ్లీ పడుతుందేమోనని. మణికట్టు విరిగినప్పుడు బాత్రూమ్‌లో జారిపడ్డానని చెప్పాను మరి. ఈ సంబంధం ఏరికోరి తెచ్చింది తనే. నిజం తెలిస్తే తట్టుకోలేదు. ఇంకేమైనా కానీ, అమ్మకు మాత్రం తెలియకూడదు.

మార్చి 18, ఆదివారం

కిరీటి ఏడ్చి వచ్చాడు. ఇవాళ నా చెయ్యి సంగతి షేర్ చేశాడట. తలుపేసుకోవడం, మెలితిప్పడం, ఆ చప్పుడు, అన్నీ. అందరూ లేచి కౌగిలించుకున్నారట. గుండె తేలికైంది వాసవీ, అన్నాడు.

అతనికి తేలికైంది. నన్నొక్క మాట అడగలేదు. అడగాలని తోచనైనా లేదు. ఆ చెయ్యి నాది కాదూ?

తలనొప్పి అని చెప్పి అన్నం మానేశాను. మళ్లీ అబద్ధమే.

మార్చి 21

లిఫ్టులో కమలాకుమారి ఆంటీ నా మణికట్టు పట్టుకుని, అయ్యో తల్లీ, అంది. వాళ్లాయన కూడా ఆ మీటింగుకే వెళ్తాడు. ఆంటీదీ తెనాలే. అమ్మకు చిన్నప్పటి ఫ్రెండు.

కిరీటి గుర్గావ్ ఆఫీసు నుంచి రాగానే, ఆంటీకెలా తెలిసిందని అడిగేశాను. బయట చెప్పకూడదని రూలుంది కదా, అన్నాడు. రూలట, నా బొంద! గట్టిగానే అరిచాను. అతని మొహం ఎర్రబడింది. చెప్పులేసుకుని కిందికి వెళ్లిపోయాడు. కొట్టలేదు. అదీ రాసుకోవాలి.

మార్చి 25, ఆదివారం

మీటింగు మానేస్తానన్నాడు. వద్దు, వెళ్లమన్నాను. మానేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఇంట్లో ఆడవాళ్లను అడిగాకే అక్కడ చెప్పుకోవాలని రావుగారితో అనమన్నాను. తలదించుకుని సరే అన్నాడు. మిగతావాళ్లకైనా పనికొస్తుంది. నాకేం ఒరుగుతుంది ఇప్పుడు?

ఏప్రిల్ 2

అమ్మ ఫోన్. ఎప్పుడూ గంటసేపు వదలదు. ఇవాళ టికెట్ కన్ఫర్మ్ అయిందని చెప్పి పెట్టేసింది. అల్లుడెలా ఉన్నాడని అడగలేదు.

ఏప్రిల్ 14

అమ్మ వచ్చి మూడు రోజులైంది. బ్లీచింగ్ పొట్లం కొని తెచ్చి పెట్టాను. అలాగే ఉంది. బాత్రూమ్ రుద్దలేదు.