మా ఇంటి చక్రాల కుర్చీకి వేసిన సీలు గురించి

విద్యుత్ రాయితీల అధికారి గారి సముఖమునకు,

విషయం: ఇంటిపై సౌరఫలకాలు, ఇంట్లో వాహన చార్జింగ్ రాయితీ పథకం కింద మా ఇంటి చక్రాల కుర్చీని వాహనంగా పరిగణించి సీలు వేయుట – సదరు సీలు తీయించమని కోరుట.

అయ్యా,

నేను పదవీ విరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయినిని. తమ పథకంలో చేరి మా డాబాపై సౌరఫలకాలు పెట్టించుకున్నాను. అవి బాగా పనిచేస్తున్నవి. వాటికి రావలసిన రాయితీ పైసాతో సహా నా ఖాతాలో పడింది. సూర్యుడి మీద గానీ, ఫలకాలు బిగించిన మేస్త్రీ మీద గానీ నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా దరఖాస్తులోని పదకొండో గడి దగ్గర మొదలైంది.

1. ఆ గడిలో "ఇంట్లో చార్జింగ్ చేసే విద్యుత్ వాహనం, ఉన్నచో వివరాలు" అని అడిగారు. కాగితం మీద ఖాళీ గడి వదిలే అలవాటు నాకు లేదు. ఖాళీ వదిలిన పిల్లలకు సున్నా వేసినదాన్ని. పక్కన కూర్చున్న మా కోడలు, "అత్తయ్యా, మనకు కారూ లేదు, స్కూటరూ లేదు. ఆ గడి మనది కాదు, వదిలేయండి" అంది. కానీ చక్రాలున్నది, కరెంటుతో నడిచేది, రోజూ చార్జింగ్ పెట్టేది మా ఇంట్లో ఒకటి ఉన్నది. మనవలు కూడా దాన్ని "తాతయ్య బండి" అనే అంటారు. ఉన్నదాన్ని లేదని రాస్తే అబద్ధమవుతుంది. అందుచేత ఇలా రాశాను: "ఉన్నది. నాలుగు చక్రాలు. ఒకరు కూర్చోవచ్చు. నడుపువారు: నా భర్త." ఆయనకు మోకాళ్లు పనిచేయవు. అది ఆయన చక్రాల కుర్చీ. ఆ మాట రాయడానికి గడిలో చోటు చాలలేదు.

2. కాలుష్యం లేని ప్రయాణానికి మారినందుకు నన్ను అభినందిస్తూ తమ కార్యాలయం లేఖ పంపింది. వాహన చార్జింగ్ రాయితీ అదనంగా మంజూరు చేసింది. నేను అడగలేదు. తిరిగి ఇచ్చేద్దామని చెక్కు రాసుకుని వచ్చాను. కౌంటరులోని గుమాస్తా, "ఇవ్వడానికే పద్దు ఉందమ్మా, పుచ్చుకోవడానికి లేదు" అన్నాడు.

3. పిమ్మట తమ తనిఖీ అధికారి వచ్చి, వాహనం ఎక్కడ అన్నారు. పడకగదిలో అన్నాను. లోపలికి వచ్చి, కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటున్న మా వారిని చూశారు. తరువాత చేతిలోని కాగితం ప్రకారమే అడిగారు. జవాబులు మా వారు చెప్పారు. జరిగిన సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నంబరు ప్లేటు ఏదండీ?"

"లేదు బాబూ."

"హారన్?"

"మా ఆవిడ ముందు నడుస్తుంది. అందరూ తప్పుకుంటారు."

"రోజుకు ఎంత దూరం తిప్పుతారు?"

"వీధి చివర దర్జీ కొట్టు దాకా. సాయంత్రం అక్కడికి వెళ్లి, వాడితో ఓ గంట పోట్లాడి, మళ్లీ ఇంటికి."

"దేని గురించి?"

"అది వెళ్లాక చూసుకుంటాం."

దీన్ని అధికారి "సొంత వినియోగం" అని రాసుకున్నారు.

4. నంబరు లేని వాహనం కనుక రిజిస్ట్రేషన్ అయ్యేవరకు నడపరాదని చెప్పి, కుర్చీకి ఈ చేతి నుంచి ఆ చేతికి అడ్డంగా కాగితపు పట్టీ అంటించి ముద్ర వేశారు. "సీలు తెంపినచో శిక్షార్హులు" అని దాని మీద ఉన్నది. ఆ సమయంలో మా వారు అందులోనే ఉన్నారు. "నన్నూ జప్తు చేశావా నాయనా?" అని అడిగారు. కాగితంలో మనిషి గురించి ఏమీ లేదన్నారు అధికారి. నేనూ కోడలూ చెరో పక్కన పట్టుకుని, బిగుతు చొక్కాలోంచి పిల్లవాణ్ని లాగినట్టు, ఆయన్ని పట్టీ కింద నుంచి జార్చి బయటికి తీశాము. సీలుకు చిన్న చిరుగు కూడా రాలేదు. అధికారి మెచ్చుకున్నారు.

5. రిజిస్ట్రేషన్ కోసం రవాణా కార్యాలయానికి వెళ్లాను. అక్కడివారు ఫోటో చూసి, "ఇది కుర్చీ కదమ్మా" అన్నారు. ఆ ముక్కే రాసి ఇమ్మన్నాను. "పై వస్తువు కుర్చీ అని ధ్రువీకరించడమైనది" అని రాసిచ్చారు. అది తెచ్చి తమ కార్యాలయంలో ఇస్తే, కుర్చీలకు రాయితీ ఇవ్వము, దీనికి ఇచ్చాము, కనుక ఇది కుర్చీ కాజాలదు అన్నారు. ఇలాంటి నిరూపణ రాసిన పిల్లవాణ్ని నేను బెంచీ ఎక్కించేదాన్ని.

6. వాహనాన్ని పార్కింగ్ స్థలంలోనే చార్జింగ్ పెట్టాలని ఇంకో తాఖీదు వచ్చింది. మాకు పార్కింగ్ స్థలం లేదు. ఆజ్ఞ మీరకూడదని పడకగది తలుపుకు "పార్కింగ్" అని బోర్డు రాసి తగిలించాను. "మరి నువ్విక్కడ ఏ హోదాలో పడుకుంటున్నావు?" అన్నారు మా వారు. ఆయన ఆడిన ఆఖరి హాస్యం అదే.

7. ఈ అంశం ఏ నిబంధన కిందికి వస్తుందో నాకు తెలియదు. ఆయన మాట్లాడడం తగ్గించేశారు. పెళ్లయినప్పటి నుంచి ఆయన్ని కాస్త నోరు మూసుకోమని చెప్పడం నా పనిగా ఉండేది. ఇప్పుడు ఇంట్లో నాకు ఆ పని లేదు. దర్జీ తనే వచ్చి చూశాడు. మంచం పక్కన కూర్చుని అదీ ఇదీ కదిపాడు గానీ పోట్లాట అందుకోలేదు. గుమ్మం దాటాక, "పడుకున్న మనిషితో ఏం గొడవపడతానండీ అక్కయ్యగారూ, బావుండదు" అని వెళ్లిపోయాడు. డాబా మీద ఫలకాలు పగలంతా కరెంటు తయారుచేస్తూనే ఉన్నవి. కుర్చీ బ్యాటరీ నిండుగా ఉన్నది. దాని మీద చిన్న పచ్చదీపం వెలుగుతూ ఉంటుంది. ఆయన దానికి వీపు పెట్టి పడుకుంటున్నారు.

కావున తమరు పై వస్తువును కుర్చీగా గుర్తించి సీలు తీయించాలి. వాహనంగానే ఉంచదలిస్తే దానికి నంబరూ, నా భర్తకు డ్రైవింగ్ లైసెన్సూ ఇప్పించాలి. రెండింటిలో ఏది త్వరగా తెమిలితే అది చాలు. అదనపు రాయితీకి చెక్కు జతపరిచాను. పద్దు లేకపోతే కొత్తది తెరవండి, గడులు నేను వచ్చి గీసిపెడతాను. ఈ మనవిని ఫైలుకు తాడు కట్టకముందే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఇంటి యజమానురాలు (మీటరు నా పేరనే ఉన్నది)

తా.క.: అర్జీ కవరులో పెట్టబోతుండగా సాయంత్రమైంది. ఆయన మంచం మీద లేచి కూర్చుని, దర్జీ కొట్టుకు వెళ్లే వేళ కదా అని అలవాటు చొప్పున చొక్కా గుండీలన్నీ పెట్టుకున్నారు. తరువాత గుర్తొచ్చి ఒక్కొక్కటే విప్పుకున్నారు. నేను వెళ్లి దర్జీ దగ్గర్నుంచి పెద్ద కత్తెర తెచ్చాను. సీలు కత్తిరించింది నేను. స్కేలు పెట్టి గీత గీసి, తిన్నగా కత్తిరించాను. రెండు ముక్కలూ ముద్ర చెడకుండా జతపరుస్తున్నాను. అందినట్టు రసీదు పంపగలరు. శిక్ష కాగితాలన్నీ నా పేర రాయండి. ఆయనకు లైసెన్సు లేదు గనుక ఆయన్ని డ్రైవరుగా చూపడానికి వీల్లేదు. తమ అధికారి మళ్లీ తనిఖీకి వచ్చేటట్లయితే సాయంత్రం పూట రావద్దని చెప్పండి. ఆ వేళ వాహనం ఇంట్లో ఉండదు.