అప్పీలుకి జతచేసిన కాగితం

హాస్కెల్ గారూ,

బ్యాంకు బ్రాంచిలో డబ్బు నేనే తీశానని మేనేజరుగా మీరు చెప్పి రెండేళ్లయింది. అప్పటినుంచీ చర్చిలో మీ ఆవిడ వెర్లీన్ నా పక్కన కూర్చోవడం మానేసింది.

ఆ నష్టం కట్టమని బ్యాంకు బీమా కంపెనీ మీద దావా వేసింది కదా. మీరు పైవాళ్లకి రాసిన రహస్యపు ఉత్తరం బీమా వాళ్లకి చూపించమని జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు. కేసు తేలకముందే మీ లాయర్లు పైకోర్టుకి పరుగెత్తారు. "ఇది తుది తీర్పు కాదు, ఇప్పుడు మేం వినం" అని అక్కడ ఒక్క వాక్యంలో తిప్పి పంపారు.

అందుకు సంతోషించి రాయడం లేదు. ఆ తొందరలో మీ లాయర్లు ఆ ఉత్తరాన్నే అప్పీలుకి జతచేసి, బయటివాళ్లు చూడకుండా సీలు వేయించడం మరిచిపోయారు. ఆ పైకోర్టు ఉన్న తల్లహాసీ వెళ్లి అడిగాను. "కోర్టు కాగితమేగా తల్లీ, ఎవరైనా చదువుకోవచ్చు," అంటూ గుమస్తా నకలు తీసిచ్చాడు.

మీ చేతిరాతే. "మా అల్లుడు తీశాడని బయటికి రానివ్వకండి. కౌంటర్లో ఆవిడ మీద తోసేద్దాం. లాయర్ని పెట్టుకునే స్తోమత ఆవిడకి లేదు."

చర్చిలో నాతో ఎవరూ మాట్లాడరు గానీ, ఆదివారం భోజనాలకి బల్లలు సర్దే చాకిరీ మాత్రం నాకే వదిలేశారు. ప్రతి పళ్లెం కిందా ఒక నకలు పెడతాను, వెర్లీన్ పళ్లెంతో సహా. ప్రార్థన ఎప్పట్లాగే మీరే చేయించండి. మీరు ఎంతసేపు కళ్లు మూసుకుంటే, వాళ్లు అంత తీరిగ్గా చదువుకుంటారు.

పద్నాలుగేళ్లు మీ మూడో కౌంటర్లో కూర్చున్న మనిషి