ఆస్పత్రి బండి కమాన్లు

1879 ఫిబ్రవరి 3, సోమవారం, ఆత్మకూరు

ఆస్పత్రి స్ప్రింగు బండి ఉదయగిరి దారిలో మలుపు దగ్గర బోల్తా పడింది. లోపలున్న ముసలామెకు చెయ్యి విరిగింది. ఎద్దులు బెదిరినాయని బండివాడు చెప్పాడట. ఆస్పత్రిలో కట్లు కట్టే డ్రెస్సరు గురుస్వామిగారు బండిని నా కొలిమికి తోలించారు. కుడి వైపు బెత్తెడు కుంగి ఉంది. ఎద్దుల తప్పేమీ లేదు.

ఫిబ్రవరి 4

పెట్టెను మోసే స్ప్రింగుల్లో కుడి కమాను విప్పాను. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఐదు ఉక్కు పట్టీల్లో పెద్దది చీలింది. చీలిక లోపల తుప్పు. అంటే పాతదే. పైగా బండి పెట్టె మరీ ఎత్తు, మలుపు వస్తే ఊగకేం చేస్తుంది? రోడ్ల పనులు చూసే ఓవర్సీరు వచ్చి, కొత్త కమాను మద్రాసు నుంచి రావాల, నాగటి కర్రులు సాగగొట్టే కొలిమిలో అయ్యే పని కాదు అన్నాడు. నేను చేస్తానన్నాను. నోరు జారి కాదు, కావాలనే అన్నాను.

ఫిబ్రవరి 6

నేను చేసిన కొత్త పట్టీ గాజులా విరిగింది. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచడం నా తప్పు.

ఫిబ్రవరి 7, మధ్యాహ్నం

ఉదయగిరి నుంచి కబురు. శీనయ్య అనే గొర్రెల కాపరి కొండ మీద నుంచి జారి తొడ విరగ్గొట్టుకున్నాడు. మామూలు బండిలో తెస్తే కుదుపులకు ఎముక చర్మం చీల్చుకొని బయటికొస్తుందట. వెంగయ్యా, ఎప్పటికవతాది అని మాత్రం అడిగారు గురుస్వామిగారు. రేపటికి అన్నాను.

ఫిబ్రవరి 8

ఈసారి ఇంకో పట్టీ కాల్చి ఆముదంలో ముంచి, మళ్ళీ సన్నటి సెగ మీద కాచాను. నిప్పు చూసి చూసి నా కళ్ళు మసకబారాయి. తిత్తి దగ్గర ఉన్న నా భార్య లిదియమ్మ, రంగు నేను చెప్తా, నువ్వు పట్టకారు పట్టుకో అంది. ఉక్కు పసుపు తిరిగింది, ఊదా తిరిగింది. నీలం వచ్చినాది, తియ్యి అంది. తీశాను. చల్లారాక సమ్మెటతో కొడితే వంగి, లేచింది.

రెండు కమాన్లనూ ఒకే వంపుకు తెచ్చాను. ఇరుసు మీద కాకుండా ఇరుసు కింద బిగించాను. పెట్టె జానెడు దిగింది. ఈ పని నాకెవరూ నేర్పలేదు.

ఫిబ్రవరి 10

నిన్న బండితో వెళ్ళి, ఈ రోజు శీనయ్యను ఎక్కించుకొని తెల్లవారగానే ఉదయగిరి వదిలాము. ఆ మలుపు దగ్గర దిగి చక్రం పక్కనే నడిచాను. పెట్టె ఒకసారి ఒరిగి, తనంతట తానే నిలబడింది. లోపల చప్పుడు లేదు. తొంగి చూశాను. గురక పెడుతున్నాడు.

ఆ తర్వాత రెండు మైళ్ళు నడిచే వచ్చాను. బండెక్క బుద్ధి కాలేదు. ఇంత ఛాతీ విరుచుకొని నా పెళ్ళినాడు కూడా నడవలేదు.

ఆస్పత్రిలో కట్టు విప్పారు. చర్మం చెక్కుచెదరలేదు.

ఫిబ్రవరి 14

మద్రాసుకు పంపాలి, కమాన్ల బొమ్మ గీసియ్యమన్నాడు ఓవర్సీరు. కాగితం మీద నాకు చేతకాదు. తాలూకా కచేరీ నేల మీద సుద్దతో అసలు కొలతకు గీశాను. ఈ రోజంతా దాన్ని ఎవరూ తొక్కలేదు. ఓవర్సీరు కూడా గోడ వారనే నడిచాడు.