పంట కాలవ అవతలి ఓట్లు

ఫిబ్రవరి 3

మోషే మాస్టారు ఇక పోటీ చెయ్యరట. పొద్దున్నే ఆయనే మా ఇంటికొచ్చి చెప్పారు. మోకాళ్ళు సహకరించట్లేదండీ, ఎంపీటీసీగా మూడు టెర్ములు చాలండీ, ఇక మీరు చూసుకోండి సత్యనారాయణమ్మ గారూ అన్నారు. చూసుకోవడమేమిటి నా మొహం! మూడుసార్లు ఆయన మీద నిలబడ్డాను. మూడుసార్లూ ఓడాను. కిందటిసారి తేడా పదిహేడు ఓట్లు. ఈసారైనా ఓడించి చూపిద్దామంటే బరిలోంచి తప్పుకుంటారా?

సంతోషించాలి కదా. మధ్యాహ్నం అన్నం సయించలేదు.

ఫిబ్రవరి 4

పాతవన్నీ గుర్తొస్తున్నాయి. మొదటి ఎలక్షన్లో మా మైకు ఆటో, వాళ్ళ మైకు ఆటో పంట కాలవ వంతెన మీద ఎదురెదురుగా ఇరుక్కున్నాయి. వెనక్కి తియ్యనంటే తియ్యనన్నాను. మాస్టారు దిగి, ఆడకూతురు ఎదురొచ్చింది, మనమే తీద్దాంరా అని తన ఆటోనే రివర్స్ చేయించారు. అప్పటికి నాకు ముప్ఫై అయిదేళ్ళు. ఆ మర్యాదకి ఒళ్ళు మండిపోయింది.

మా ఊళ్ళో గెలిచినవాళ్ళు ఆ సాయంత్రం ఓడినవాళ్ళింటికి కొబ్బరి బొండాల గెల పట్టుకెళ్ళడం ఆనవాయితీ. మూడుసార్లూ ఆయనే స్వయంగా తెచ్చారు. పైగా గెలిచాక మొదటి బోరింగు మా వీధిలోనే వేయించారు. తిట్టుకోవడానికి కూడా వీల్లేకుండా చేశారు మహానుభావుడు!

ఫిబ్రవరి 8

సెగ్మెంట్లు మార్చారట. మావారు పంచాయతీ గోడ మీద లిస్టు చూసొచ్చి, కాలవే హద్దు, రోడ్డు పక్క కొత్త కాలనీ కూడా మనలో కలిసింది అన్నారు. కాలవంటే పేట వెనకాల మురుగు కాలవే కదా అనుకుని, వంతెన అవతల మాస్టారి వాళ్ళ పేటంతా తిరిగొచ్చాను. అరవై గడపలు. ఎవర్ని అడిగినా ఆయ్, అలాగేనండీ అన్నారు. మాస్టారి భార్య మార్తమ్మ గారు కుర్చీ వేసి కాఫీ ఇచ్చి, మీరు అడగాలాండీ, మా ఇంట్లో నాలుగూ మీకేనండీ అన్నారు.

ఇన్నేళ్ళూ ఈ ఆయ్‌ని నేను నమ్మలేదు. ఆయ్ అనేది నాతో, వేసేది మాస్టారికి. ఇప్పుడు మాస్టారు లేరు. ఈసారి గెలుస్తాను.

ఫిబ్రవరి 9

నిన్న తాగిన కాఫీలు పదకొండు. ఇప్పటికీ గుండె దడదడలాడుతోంది.

ఫిబ్రవరి 10

తల కొట్టేసినట్టయింది. హద్దు మురుగు కాలవ కాదు, ఇవతలున్న పంట కాలవ. పేట మొత్తం పక్క సెగ్మెంటుకి పోయింది. మాస్టారే వచ్చి, నేల చూపులు చూస్తూ చెప్పారు. మీ వాళ్ళకి ముందే తెలుసా అంటే, ఆయ్ తెలుసండీ అన్నారు. మరి ఒక్కరూ చెప్పలేదేమండీ అని అరిచాను. గుమ్మంలోకొచ్చి అడిగిన మనిషికి ఓటు లేదని ఎలా చెబుతామండీ అన్నారు.

ఇదేం మర్యాద! మనుషుల్ని చంపేస్తుంది.

నే చెప్పేను కదా కాలవని, అంటారు మావారు. ఏ కాలవో చెప్పారా? ఇవాళ ఆయనకి పచ్చడి మెతుకులే.

ఫిబ్రవరి 17

కాలనీలో ప్రచారం. ఒకావిడ తలుపు సగం తీసి, పాంప్లెట్ అక్కడ పెట్టి వెళ్ళండి అంది. నా మీద నిలబడ్డ శ్రీదుర్గ ఆ కాలనీ పిల్లే, ఇరవై ఎనిమిదేళ్ళు. వాట్సాప్ గ్రూపులోనే సగం పని కానిచ్చేస్తోంది. ఎదురుపడితే ఆంటీ అని నవ్వుతుంది. ఆంటీ! ఆ మాటతో ఇంకేం పోట్లాడను?

తిరిగొస్తూ వంతెన దగ్గర ఆటో ఆపించాను. అవతల్నుంచి ఏ మైకూ రాలేదు. మాస్టారి మీద బెంగ పెట్టుకున్నాను. సిగ్గు విడిచి రాస్తున్నాను.

ఫిబ్రవరి 22

పోలింగ్. ఏడింటికి మా స్కూలు బూత్ దగ్గరికి వెళ్తే క్యూలో మాస్టారు! చేతికర్ర, ఇస్త్రీ చొక్కా. వెనక మార్తమ్మ గారు, పేట వాళ్ళు ఇంకో పన్నెండు మంది. హద్దు సంగతి నాకు చెప్పిన మనిషే! మీ ఓటు ఇక్కడ లేదు కదండీ మాస్టారూ అని పరిగెత్తాను. ఆయ్, తెలుసండీ అన్నారు.

ఆ మోకాళ్ళతో నలభై నిమిషాలు నిలబడ్డారు. ఆఫీసరు లిస్టు తిరగేసి పేరు లేదన్నాడట. లేకపోతే లేదులెండి, ఇంటికొచ్చి అడిగేరు, మాటిచ్చేం, వచ్చేం అన్నారట మార్తమ్మ గారు. పధ్నాలుగు మందీ ఒక్కొక్కరే లోపలికెళ్ళి, లేదనిపించుకుని బయటికొచ్చారు. నాకు దణ్ణం పెట్టి, వాళ్ళ బూత్‌కి నడుచుకుంటూ వెళ్ళారు.

కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేం.

ఫిబ్రవరి 24

కౌంటింగ్. తొమ్మిది ఓట్ల తేడాతో పోయింది. శ్రీదుర్గకి గెల ఆనవాయితీ తెలీదు పాపం.

సాయంత్రం మా చెట్టు నుంచే ఒక గెల దింపించి, నేనే పట్టుకుని మాస్టారింటికి వంతెన దాటాను.