పగ్గం ముక్క

మామా,

బతికున్నప్పుడే నీకు చదువు రాదు. చర్చి బడిలో నేర్చిన నాలుగు అక్షరాలు నాకు ఉండబట్టి రాస్తున్నాను.

నువ్వు పోయిన ఏడాదికి, ఈ రోజు కర్నూలు కోర్టులో మన దావా విచారణకు వచ్చింది. ఓర్వకల్లు దిగుడులో నిన్నూ రెండెద్దులనూ తొక్కేసిన బండల లారీ యజమాని తరఫున వకీలు లేచాడు. "నీ మొగుడు బండిలో నిద్రపోయి ఎద్దుల్ని లారీకి అడ్డం పోనిచ్చాడు. తప్పు అతనిదే" అన్నాడు.

నా ఒళ్లు మండిపోయింది. కొంగున కట్టుకొచ్చిన పగ్గం ముక్కను అతని బల్ల మీదికి విసిరికొట్టాను. దాని మీద నీ నెత్తురు నల్లగా అట్టకట్టి ఉంది.

"పండుకునేటోడు పగ్గాలు బండికి కట్టేసి పండుకుంటాడు సామీ. నా మొగుడు చేతికి మూడు చుట్లు చుట్టుకోని ఎద్దుల్ని పక్కకు గుంజినాడు. శవానికి నీళ్లు పోసేటప్పుడు నేనే కొడవలితో కోసి తీసినా. ఇప్పుడు చెప్పు, నిద్రపోయినోడు ఎవురు?"

జడ్జి ఆ ముక్కను చేతిలోకి తీసుకుని చూశాడు. వకీలు మళ్లీ నిద్ర మాట ఎత్తలేదు.

ఒక్క సంగతి మాత్రం అక్కడ చెప్పలేదు మామా. ఆ పగ్గం ఎముక దాకా దిగిపోయి ఉండింది. కోస్తుంటే నీ చర్మమూ తెగింది. "రవ్వంత ఓర్చుకో" అన్నాను నీతో.