రెండో పోతయ్య

పర్ణశాల,
10-9-1994

చిరంజీవి ప్రమీలారాణికి నాన్న దీవించి రాయునది. ఇక్కడ మీ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. వరంగల్‌లో నువ్వూ, నీ హాస్టల్ పిల్లలూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగావు. నూనె రాసుకోమంటే రాసుకోదు, మెట్లెక్కొద్దంటే ఎక్కుతుంది. ముప్పై ఏళ్లుగా ఊరందరికీ మందులిచ్చే కాంపౌండర్ మాట ఇంట్లో చెల్లదు. గోదావరి తగ్గింది గానీ అడవి పల్లెల్లో చలిజ్వరాలు తగ్గలేదు. మా దవాఖానా నాగక్క జ్వరం బిళ్లల సంచి భుజాన వేసుకుని ఊరూరూ తిరుగుతూనే ఉంది.

ఇక నీ అసలు ప్రశ్న. "నా కంప్యూటర్ ప్రోగ్రాం బాగా నడుస్తోందా నాన్నా? నడుస్తోందని సర్టిఫికెట్ రాసి పంపు, ఇరవయ్యో తారీఖున కాలేజీలో చూపించాలి" అన్నావు. ఆ ఉత్తరం నాలుగు రోజులుగా నా జేబులోనే ఉంది.

రెండో విడత బిళ్లలు ఎవరికివ్వాలో ప్రతి సోమవారం లిస్టు వస్తోందని నీకు రాశాను. అది నిజమే. నీ ప్రోగ్రాం మాత్రం ఒక్క రోజు కూడా నడవలేదు తల్లీ.

నువ్వున్న రెండు రోజులూ కరెంటు లేదు, ఫ్లాపీ ఇచ్చి వెళ్లిపోయావు. కరెంటు వచ్చాక చెప్పులు బయట విడిచి, దవాఖానా కంప్యూటర్ గదిలో కూర్చుని నువ్వు చెప్పినట్టే కొట్టాను. బ్యాడ్ కమాండ్ అంది. ఇరవై సార్లు కొట్టినా అదే మాట. ఆఖరికి కొత్తగూడెం నుంచి మిషన్ చూడటానికి వచ్చే అహ్మద్ పాషాను అడిగాను.

"సార్, ఇది కాలేజీ కంప్యూటర్లల్ల ఉండే యూనిక్స్ కోసం రాసింది. మన దాంట్ల ఉన్నది డాస్. దీనికి ఆ మాటలు తెల్వయ్, ఎట్ల నడుస్తది?" అన్నాడు. నా మొహం చూసి జాలిపడ్డట్టున్నాడు. "నడవదు గానీ చదవొచ్చు సార్" అంటూ నీ ఫైలంతా ప్రింటు తీసిచ్చాడు.

ప్రతి లైను పైనా "నాన్నా, ఇక్కడ జరిగేది ఇదీ" అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశావు కదా. చదువుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. నీ సంతోషం పాడుచేయబుద్ధి కాలేదు. డాక్టర్ చీటీ చూసి మందు కలిపినట్టే, నీ కాగితం ముందు పెట్టుకుని, జ్వరాల రిజిస్టర్ తీసి, లైను తర్వాత లైను నేనే చేసుకుంటూ పోయాను. పదకొండు వారాలు.

అంతటితో సరిపోతే ఆ సర్టిఫికెట్ కూడా రాసిపారేసేవాణ్ణేమో. పోయిన సోమవారం లిస్టు చూసి నాగక్క ఆగింది.

"గీ ఊళ్లె పోతయ్యలు ఇద్దరున్నరు గద సారూ. ఒక్కని పేరే రాసిండ్రేంది?"

ఒకే ఊళ్లో ఒకే పేరు రెండుసార్లు వస్తే రెండోది తీసెయ్యమని నీ ఏడో లైను. తీసేశాను. "ఒక్కడే అనుకున్నా" అన్నాను.

"పోతరాజు దేవుని పేరు ఇంటికొకనికి పెట్టుకుంటరు సారూ" అని గబగబా బయల్దేరింది. అంతకు ముందు వారం కూడా అతని పేరు తీసేశాను. అప్పుడు నాగక్క సెలవులో ఉంది, బదులు వెళ్లినవాళ్లకు తెలియలేదు. ఈమె వెళ్లేసరికి రెండో పోతయ్య వణుకుతూ పడి ఉన్నాడట. రెండు రోజులు అక్కడే ఉండి బిళ్లలు మింగించింది. ఇప్పుడు లేచి తిరుగుతున్నాడు.

తిరిగొచ్చాక ఆమె అన్న మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. "మిషన్ల కెల్లి వచ్చిందైతే నేను అడిగేదాన్ని గాదు సారూ. మీ చేతిరాత గనుక అడిగిన."

ఏడో లైను మార్చు తల్లీ. పేరు పక్కన తండ్రి పేరు కూడా చూడమను. తప్పు నీ ఒక్కదానిదే కాదు, అనుమానం రాకుండా కొట్టేసిన చెయ్యి నాది. మార్కులు పోతాయేమోనని భయంగా ఉంది. అయినా నడిచిందని రాయలేను. నేను రాయగలిగిన సర్టిఫికెట్ ఇదీ:

"ఈ ప్రోగ్రాం మా దవాఖానా కంప్యూటర్ మీద నడవలేదు. పదకొండు వారాలు మా కాంపౌండర్ మీద నడిచింది. అందులో ఒక తప్పు ఉంది. కనిపెట్టింది నాగక్క."

చూపిస్తావో చించేస్తావో నీ ఇష్టం. అబద్ధం ఆడినందుకు నన్ను ఎంతైనా కోప్పడు, ఉత్తరం మాత్రం మానకు.

ఇట్లు,
నీ మాట ఒక్కటీ తప్పకుండా నడిచిన
మీ నాన్న,
వెంకటరామారావు