రైలు పోయేదాకా ఆగిన మాట

ఆదివారం, రాత్రి

ఉప్పుగూడలో అమ్మకానికున్న ఇల్లు చూసొచ్చాం. వెనకే రైలు పట్టాలు. ఇంటి పెద్దామె నల్లా నీళ్ల సంగతి చెబుతూ మాట మధ్యలో ఆగిపోయింది. రైలు వెళ్లాక, ఆగిన చోటి నుంచే మళ్లీ అందుకుంది.

"ఈ చప్పుడుకు పరేషాన్ గాదా అమ్మా?" అని అడిగాను.

"ఏం చప్పుడు బిడ్డా?" అంది.

నాకు మనసొప్పలేదు. మొదటిసారి ఇల్లు కొంటున్నాం, బతుకంతా ఇలా మాట ఆపుకుంటూ ఉండాలా? మా ఆవిడ మాత్రం బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

బయల్దేరే ముందు మా ఆవిడ వంటింట్లో నిలబడి "పొయ్యి ఈడ పెట్టుకుంటే..." అంటూ ఆగింది. మళ్లీ రైలు. చివరి డబ్బా దాటేదాకా నింపాదిగా నిలబడి, "...వెలుతురు మంచిగొస్తది" అని ముగించింది.

ఇల్లు వద్దని చెబుదామనుకున్నాను. ఇంకా చెప్పలేదు.